హేవీజ్ వేడినీటి సరస్సు: మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు

హంగరీ అనగానే మనవాళ్లు బుడాపెస్ట్‌లో రెండు రోజులు తిరిగి, డాన్యూబ్ నది మీద పడవెక్కి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులో నడుం నొప్పో ఉంటే ఆ ప్రయాణంలోంచి కొన్ని రోజులు తీసి హేవీజ్‌కు ఇవ్వండి. అయిదు వేల జనాభా కూడా లేని చిన్న ఊరు. అందులో సుమారు 11 ఎకరాల వేడినీటి సరస్సు ఉంది. ఊరంతా ఆ సరస్సును నమ్ముకునే బతుకుతుంది.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మాది కరీంనగర్ దగ్గర పల్లె. ఇప్పుడు వియన్నాలో ఒక పునరావాస కేంద్రంలో పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే ఆస్ట్రియా ముసలివాళ్లు ఏటా హేవీజ్ వెళ్లి వస్తారు. "అక్కడి నీళ్లలో ఉన్నంతసేపు నా మోకాళ్లు గుర్తుకు రావు" అని వాళ్లలో ఒకావిడ అన్న మాట మనసులో పడింది. అమ్మానాన్నలు వీసా మీద వచ్చినప్పుడు సెప్టెంబరు చివర్లో ముగ్గురం కలిసి వెళ్లాం. అమ్మవి ముప్పై ఏళ్లకు పైగా బురదలో వంగి నాట్లు వేసిన మోకాళ్లు. రెండూ అరిగిపోయాయి, కుడిది మరీ ఎక్కువ. నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ఆయనకు ఏ నొప్పీ లేదు, కానీ చూసే ప్రతిదాని చరిత్రా కావాలి. కాబట్టి ఈ సమీక్షలో వైద్యం నాది, చరిత్ర ఎక్కువ భాగం నాన్న అడిగి అడిగి తెలుసుకున్నది.

ముందు సరస్సు సంగతి. హేవీజ్ సరస్సు అడుగున 38 మీటర్ల లోతులో ఒక గుహ ఉంది. ఆ గుహలోకి రెండు రకాల ఊటలు వస్తాయి: ఒకటి 41 డిగ్రీల వేడి నీరు, ఇంకొకటి 26 డిగ్రీల నీరు. రెండూ అక్కడే కలిసిపోయి 38 డిగ్రీల దాకా వేడితో పైకి వస్తాయి. 1975లో డైవర్లు దిగి ఆ గుహలోకి దారి కనిపెట్టేదాకా ఈ సంగతి ఎవరికీ సరిగ్గా తెలియదు. సెకనుకు 400 లీటర్లకు పైగా ఊరుతూనే ఉంటుంది కాబట్టి మొత్తం సరస్సులోని నీరు సుమారు మూడు రోజుల్లో మారిపోతుంది. అంతమంది రోజూ మునిగినా నీళ్లు తేటగా ఉండటానికి కారణం అదే. వేసవిలో పైనీటి వేడి 33 నుంచి 36 డిగ్రీల వరకు ఉంటుంది. మేం వెళ్లినప్పుడు కాస్త తక్కువే, అయినా ఒంటికి హాయిగా ఉంది. నడి చలికాలంలో, చుట్టూ మంచు ఉన్నా, సరస్సు గడ్డకట్టదు. పైన ఆవిరి దుప్పటిలా పరుచుకుంటుంది, జనం అప్పుడు కూడా ఈదుతారు.

సరస్సు మధ్యలో నీళ్ల మీద కర్రల ఆధారంతో స్నానశాల కట్టారు. ఎర్ర పైకప్పులు, కోసుగా ఉన్న బురుజులు. ఒడ్డు నుంచి అక్కడికి పైకప్పున్న వంతెన మీదుగా నడిచి వెళ్లాలి. నాలాంటివాళ్లు మెచ్చుకోవలసింది ఈ కట్టడాన్నే. బట్టలు మార్చుకునే గదుల నుంచి నీళ్లలోకి దిగే మెట్ల వరకు అన్నీ చదునుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ప్రతిచోటా కమ్మీలున్నాయి. లోపలి నుంచే నీళ్లలోకి దిగి ఈదుకుంటూ బయటికి వచ్చే ఏర్పాటు ఉంది. చలికాలంలో వచ్చే ముసలివాళ్లకు అది ఎంత మేలో చెప్పనక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం ముందే తెలుసుకోండి. చాలా చోట్ల కాళ్లకు నేల అందదు. అక్కడ గాలి నింపిన రబ్బరు రింగులు, పొడవాటి స్పాంజి గొట్టాలు పట్టుకుని తేలుతుంటారు. ఒడ్డునే అద్దెకు దొరుకుతాయి. ఈత రాకపోయినా ఫరవాలేదు గానీ, రింగు లేకుండా కమ్మీ వదలకూడదు. అమ్మకు ఈత రాదు. ఊరి చెరువులో మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. మొదటిరోజు కమ్మీని రెండు చేతులా పట్టుకుని మెట్టు మీదే నిలబడింది. పక్కన తేలుతున్న ఒక జర్మన్ బామ్మ తన రింగు చూపించి, అమ్మ చేతిని తీసి ఆ రింగు మీద పెట్టింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా అర్థం కాదు. పావుగంట తర్వాత చూస్తే అమ్మ కమ్మీ వదిలి రింగు మీద తేలుతోంది. "కాళ్లల్ల బరువే లేదు బిడ్డా" అంది.

ఆ మాట వైద్యపరంగా నూటికి నూరు పాళ్లు నిజం. మెడ దాకా నీళ్లలో ఉన్నప్పుడు కీళ్ల మీద పడే శరీర బరువు చాలావరకు తగ్గిపోతుంది. వేడికి కండరాల బిగుతు సడలుతుంది. నేల మీద నొప్పితో వంచలేని మోకాలిని నీళ్లలో సులువుగా వంచొచ్చు. నేను అమ్మ చేత రోజూ నీళ్లలోనే సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించడం, పక్కలకు చాపి దగ్గరికి తేవడం చేయించాను. ఇంట్లో అయితే ఆ వ్యాయామాలు చేయమంటే "రేపు చేస్త" అనే మనిషి, అక్కడ నేను చాలంటే ఇంకా కొంచెంసేపు అనేది. అందుకని నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, అరగంట కాగానే బయటికి రండి. అక్కడి వైద్యులు కూడా అదే చెబుతారు. వేడినీళ్లలో ఎక్కువసేపు ఉంటే బీపీ పడిపోవచ్చు, నీరసం వస్తుంది. బయటికొచ్చాక వాలు కుర్చీలో కాసేపు పడుకుని, నీళ్లు తాగి, తర్వాతే మళ్లీ దిగాలి. గుండె జబ్బున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, గర్భిణులు, మానని పుండ్లున్నవాళ్లు ముందుగా డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు. చిన్నపిల్లల కోసం ఇది కాదు. వాళ్లకు దగ్గర్లోనే బాలాటన్ సరస్సు ఉంది, తీరం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది, హాయిగా ఆడుకోవచ్చు.

బట్టల గురించి చాలామంది ఆడవాళ్లు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. చీరతోనో నూలు నైటీతోనో దిగే వీలుండదు, అలా దిగడం ప్రమాదం కూడా. తడిసిన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. నేను అమ్మకు ముందే మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల కింది దాకా కాళ్లు ఉండే ఈత డ్రెస్ కొన్నాను. ఎవరూ ఏమీ అనలేదు, వింతగా కూడా చూడలేదు. అక్కడ అందరూ అరవై, డెబ్బై దాటినవాళ్లే, ఎవరి కీళ్ల గోల వాళ్లది. అమ్మకున్న బెరుకు మొదటిరోజే పోయింది. తువ్వాలు, జారని చెప్పులు, బాత్ గౌను మీవే తీసుకెళ్లండి.

వెండి గురించి ఏ గైడులోనూ రాయరు. ఈ నీళ్లలో గంధకం ఉంది, దగ్గరికి వెళ్తే కాస్త వాసన కూడా వస్తుంది. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. పట్టీలు, మొలతాడు, వెండి ఉంగరాలు గదిలోనే పెట్టి రండి. అమ్మ పట్టీలు తీసింది గానీ మెట్టెలు తీయనంది. అవి నల్లగా అయిపోయాయి. అల్యూమినియం రేకు పరిచిన గిన్నెలో వేడినీళ్లు, కాస్త వంటసోడా వేసి అందులో నానబెడితే మళ్లీ తెల్లబడ్డాయి. మేలిమి బంగారానికి ఏమీ కాదు, పుస్తెలతాడుకు భయం లేదు.

ఇక కలువలు. సరస్సు నిండా ఎర్ర కలువలు ఉంటాయని విన్నాను గానీ వాటి పుట్టిల్లు ఎక్కడో నాకు తెలియదు. పక్కనున్న కెస్ట్‌హెయ్ పట్టణంలోని వ్యవసాయ విద్యాలయంలో పనిచేసిన షాందోర్ లోవాషి అనే ఆచార్యుడు 1898లో ఈ సరస్సులో రకరకాల కలువలు నాటించాడు. వాటిలో ఈ వేడినీళ్లకు బాగా అలవాటుపడి నిలిచింది భారతదేశపు ఎర్ర కలువే. ఇప్పుడు ఊరి గుర్తు కూడా అదే. పొద్దున్నే వెళ్లండి. ఇవి రాత్రి విచ్చుకుని, ఎండ ముదిరేకొద్దీ ముడుచుకునే రకం. మేం టికెట్ కౌంటర్ తెరిచే వేళకే వెళ్లడంతో రెక్కలు పూర్తిగా విప్పుకుని కనిపించాయి. "గివి మన చెరువుల పూసేటివే" అంది అమ్మ. బతుకమ్మ ఇంకా కొద్ది రోజుల్లోనే ఉంది, చేతికందే దూరంలో అన్ని పూలు. కోయకూడదని చెప్పడానికి నాకే కష్టమనిపించింది. అవి రక్షిత మొక్కలు, ఎవరూ ముట్టుకోరు.

సరస్సు పక్కనే సెయింట్ ఆండ్రూ పేరుతో కీళ్లవాతం ఆసుపత్రి ఉంది. హేవీజ్‌ను మామూలు స్నానాల ఊళ్ల నుంచి వేరు చేసేది ఇదే. ఇక్కడి వైద్యుడు కారోయ్ మోల్ 1953లో కనిపెట్టిన ఒక చికిత్స ఇప్పుడు హంగరీ అంతటా వాడుకలో ఉంది. రోగిని వెచ్చని నీళ్ల తొట్టిలో మెడ పట్టీతోనో చంకల కింద ఆధారంతోనో నిలువునా వేలాడదీసి, నడుముకో చీలమండలకో చిన్న బరువులు కడతారు. నీళ్లు పైకి తేల్చుతుంటాయి, బరువులు కిందికి లాగుతుంటాయి, మధ్యలో వెన్నుపూసలు కొద్దికొద్దిగా ఎడమవుతాయి. మన ఆసుపత్రుల్లో మంచం మీద పడుకోబెట్టి చేసే ట్రాక్షన్ అందరికీ తెలుసు. అందులో కండరాలు నొప్పికి బిగుసుకుని లాగుడును ఎదిరిస్తాయి. వెచ్చని నీళ్లలో కండరాలు ముందే వదులవుతాయి కాబట్టి తక్కువ బరువుతోనే పని జరుగుతుంది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో రెండు లైన్లు చదివిన విషయం ఇది. రోజంతా రోగులను ఎత్తి దించడంతో నా నడుం కూడా పట్టేసి ఉంది. డాక్టర్‌కు చూపించుకుని, ఆమె రాసిచ్చాకే చేయించుకున్నాను. ఇరవై నిమిషాల లోపే అయిపోయింది. తర్వాత వెంటనే లేచి నడవనివ్వలేదు, పడుకోబెట్టారు. ఆ జాగ్రత్త సరైనదే. లాగిన వెన్ను మీద ఒక్కసారిగా బరువు పడితే చేసిన మేలంతా పోతుంది.

అమ్మకు మాత్రం ఆ డాక్టర్ ఈ చికిత్స వద్దంది. ఎముకలు బలహీనంగా ఉన్నాయి, బీపీ మందులు వాడుతోంది కాబట్టి సరస్సు స్నానం, బురద పట్టీ చాలని చెప్పింది. అడిగిన ప్రతివాళ్లకీ అన్నీ అంటగట్టి డబ్బులు లాగే తీరు అక్కడ కనిపించలేదు. వృత్తిరీత్యా నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది అక్కడే. బురద ఈ సరస్సు అడుగుదే, మీటర్ల మందాన పేరుకుని ఉంటుంది. వేడిచేసి మోకాళ్ల చుట్టూ కట్టి కాసేపు ఉంచుతారు. వేడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది. అమ్మకు ఇది సరస్సు కంటే ఎక్కువ నచ్చింది.

సరస్సు నీళ్లు అన్ని రోగాలూ పోగొడతాయని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, నమ్మకండి. మోకీలు అరిగినవాళ్లకు ఇలాంటి స్నానాలతో నొప్పి, బిగుతు కొంతకాలం తగ్గుతాయని హంగరీలో చేసిన అధ్యయనాలు చూపించాయి. అరిగిన కీలు మళ్లీ పెరుగుతుందని ఎవరూ చూపించలేదు. ఆ నొప్పి తగ్గిన కాలాన్ని వాడుకుని తొడ కండరాలకు బలం తెచ్చుకుంటేనే ఫలితం నిలుస్తుంది. ఒక్క పూట మునిగి ఫోటో దిగి వస్తే హాయిగా ఉంటుంది, అంతే. చికిత్సగా వెళ్లాలంటే కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఉండాలి. మా ఆస్ట్రియా రోగులు మూడు వారాలు ఉండి వస్తారు.

ఇప్పుడు నాన్న భాగం. ఈ ఊళ్లో ఒక కథ చెబుతారు. రోమన్ల కాలంలో ఒక క్రైస్తవ దాది తాను పెంచుతున్న నడవలేని పసివాడి కోసం మేరీ మాతను ప్రార్థిస్తే, ఇక్కడ నేల చీలి వేడినీటి ఊట పుట్టిందట. ఆ నీళ్లలో స్నానం చేసి బాగుపడిన పిల్లవాడే పెద్దయ్యాక చక్రవర్తి థియోడోసియస్ అయ్యాడట. ఇది నమ్మకానికి సంబంధించినది. రాతలో ఊరి పేరు దొరికేది 1328లో. స్నానాల ఊరుగా మారింది మాత్రం ఫెస్టెటిచ్ వంశం వల్ల. ఈ ప్రాంతపు జమీందారు గ్యోర్గ్ ఫెస్టెటిచ్ 1795లో ఇక్కడ మొదటి స్నానశాల కట్టించాడు. ఆ తర్వాత రెండేళ్లకు, 1797లో, కెస్ట్‌హెయ్‌లో జార్జికాన్ అనే వ్యవసాయ కళాశాల పెట్టించింది కూడా ఆయనే. ఐరోపాలో ఆ తరహా కళాశాలల్లో అదే మొదటిది అంటారు. కలువలు తెచ్చిన లోవాషి పనిచేసింది ఆ చదువుల పరంపరలోనే. జమీందారు బడి పెట్టడం, వందేళ్లకు ఆ బడి మాస్టారు మన కలువను ఇక్కడ నాటడం నాన్నకు ఎంతగానో నచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విల్మోష్ షుల్‌హోఫ్ అనే వైద్యుడు స్నానాలను క్రమపద్ధతి ఉన్న చికిత్సగా మార్చాడు. 1952లో ప్రభుత్వ ఆసుపత్రి వచ్చింది. 1986లో సరస్సు మీది పాత చెక్క స్నానశాల చాలావరకు కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. హేవీజ్‌కు పట్టణ హోదా వచ్చింది 1992లోనే.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా ఆలోచించింది బాక్సైట్ గురించి. హేవీజ్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో న్యిరాద్ అనే చోట బాక్సైట్ గనులుండేవి. అల్యూమినియం ముడిఖనిజం నేల కింద సున్నపురాతి పొరల్లో ఉంది. ఆ పొరల నిండా నీళ్లు. తవ్వాలంటే ముందు నీళ్లు తోడెయ్యాలి. ఏళ్ల తరబడి తోడారు. గని దగ్గర పంపు పెడితే అంత దూరంలో ఉన్న సరస్సుకు ఏమవుతుందని మొదట అనుకుని ఉండొచ్చు. కానీ సున్నపురాతి పొరల్లోని చీలికలన్నీ లోపల కలిసే ఉంటాయి. హేవీజ్ ఊట తగ్గిపోతూ వచ్చింది, నీటి వేడి కూడా తగ్గింది. దగ్గర్లోని టాపోల్ట్సా పట్టణం కింద ఒక గుహ ఉంది, అందులో పడవలు తిరిగేవి. ఆ నీళ్లు పూర్తిగా ఇంకిపోయాయి. జనం, వైద్యులు, శాస్త్రవేత్తలు గొడవ చేశారు. చివరికి 1990లో ఆ పంపులు ఆపారు, గని మూతపడింది. తర్వాత ఏళ్ల తరబడి నేల కింద నీళ్లు మెల్లగా నిండుతూ వచ్చాయి. టాపోల్ట్సా గుహలో ఇప్పుడు మళ్లీ పడవలు తిరుగుతున్నాయి. వెళ్లి ఎక్కండి, చిన్న పడవను మనమే తెడ్డుతో నడుపుకోవచ్చు. సున్నపురాయిని తాకుతూ వెళ్లేటప్పుడు తల జాగ్రత్త.

బోర్లు ఎండిపోవడం చూసి పెరిగినవాళ్లకు ఈ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మా ఊళ్లో ఒకరు బోరు లోతుగా వేస్తే పక్క పొలం బావి ఎండింది. నాన్న అక్కడి బల్ల మీద కూర్చుని, "పంపులు ఆపింది ఎవరు? ఎట్ల ఒప్పించిండ్రు?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్నలు నాకు ముఖ్యమైనవే అనిపించాయి. సరస్సు టికెట్ ధర ఎక్కువని అనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది. చుట్టూ అడవిని పెంచి గాలి, దుమ్ము రాకుండా కాపాడుతున్నారు కూడా. ఆ చెట్ల మధ్య నడకదారి చదునుగా ఉంది, ప్రతి కొన్ని అడుగులకూ బల్ల ఉంది.

టికెట్లు గంటల లెక్కన ఉంటాయి. చేతికి ఒక పట్టీ ఇస్తారు, దానితోనే గేటు, లాకరు తెరుచుకుంటాయి. ధరలు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయను. రోజంతా టికెట్ మొదటిరోజు అవసరం లేదు, తక్కువ గంటలది తీసుకోండి. అరగంట స్నానం, విశ్రాంతి, మళ్లీ ఒకసారి స్నానం, దానికి అది సరిపోతుంది.

బసలో మాకు ఒక చేదు అనుభవం ఎదురైంది. మేం దిగిన అద్దె ఫ్లాట్ పేరు చెప్పను. లిఫ్ట్ ఉందని రాశారు, వెళ్లి చూస్తే మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయడం లేదు. మోకాళ్ల కోసం వచ్చిన మనిషి రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కి దిగాల్సి వచ్చింది. అడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. రెండో రాత్రికే ఇంకో చోటికి, కింది అంతస్తుకు మారిపోయాం. మీరు బుక్ చేసేముందు ఫోన్ చేసి లిఫ్ట్ ఇప్పుడు పనిచేస్తోందా అని అడగండి, సరస్సు గేటుకు ఎంత నడక అనేది కూడా అడగండి. గది అద్దెకు తోడు మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను వేరుగా కట్టాలి, అది అందరికీ ఉండేదే.

ఊరి మధ్య వీధుల్లో కార్ల గోల తక్కువ. అంగళ్లలో బోర్డులు జర్మన్‌లో కూడా ఉంటాయి, నా జర్మన్‌తో ఎక్కడా ఇబ్బంది కాలేదు. పళ్ల డాక్టర్ల బోర్డులు చూసి నాన్న ఆశ్చర్యపోయాడు. ఆస్ట్రియా, జర్మనీ నుంచి స్నానాలకు వచ్చినవాళ్లు ఇక్కడ ఖర్చు తక్కువని పళ్లు కూడా కట్టించుకుని వెళ్తారు.

తిండి విషయానికొస్తే, అమ్మానాన్నలు మాంసం తింటారు గానీ శనివారం ముట్టరు. శాకాహారులకు కష్టమే, అయినా ఆకలితో పడుకోవాల్సిన పని లేదు. లాంగోష్ అనే నూనెలో వేయించిన పెద్ద రొట్టె ప్రతిచోటా దొరుకుతుంది. పైన వెల్లుల్లి నీళ్లు రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేస్తారు. వేడిగా తినాలి, చల్లారితే సాగుతుంది. ముగ్గురికి రెండు చాలు. టమాటా, కాప్సికమ్, ఉల్లిగడ్డ వేసి మగ్గించే లెచో కూరలో సాసేజ్ లేకుండా ఇమ్మంటే ఇస్తారు. పుట్టగొడుగుల పాప్రికా కూర బాగుంది. సూప్‌లు మాత్రం అడగకుండా తాగకండి, చాలావాటిలో మాంసం ఉడికించిన నీళ్లే పోస్తారు. దుకాణాల్లో ఎరోష్ పిష్టా అని ఎర్ర మిరపకాయలు ఉప్పుతో నూరిన సీసా దొరుకుతుంది. అచ్చం మన పండుమిరప తొక్కులో వెల్లుల్లి, చింతపండు మరిచిపోయినట్టు ఉంటుంది. అమ్మ ఫ్లాట్‌లో అన్నం వండి, అందులో ఆ మిరప ముద్ద, నూనె కలిపి పెట్టింది. నాలుగు సీసాలు కొనుక్కుని వచ్చాం.

సాయంత్రాలు ఎగ్రెద్ వైపు నడవండి. ఒకప్పుడు వేరే ఊరు, ఇప్పుడు హేవీజ్‌లో భాగం. ద్రాక్షతోటల గట్టు మీద పదమూడో శతాబ్దపు చిన్న రాతి చర్చి ఉంది. దాని కింద వరుసగా ద్రాక్షసారా ఇళ్లు, బయట బల్లలు. తాగనివాళ్లకు ద్రాక్షరసం దొరికింది. దారి కాస్త ఎత్తు ఎక్కాలి, అమ్మను అక్కడికి టాక్సీలో తీసుకెళ్లాను.

కెస్ట్‌హెయ్ ఆరేడు కిలోమీటర్లే, బస్సులు తరచుగా ఉన్నాయి. ఫెస్టెటిచ్ వాళ్ల భవనంలో 101 గదులు. నాన్న కోసం వెళ్లింది హెలికాన్ గ్రంథాలయానికి. నేల నుంచి పైకప్పు దాకా ఓక్ చెక్క అలమరలు, వేలకు వేల పాత పుస్తకాలు. ఆయన అక్కడి నుంచి కదలనంటే మేం తోటలో కూర్చున్నాం. ఇంకో రోజు గంటకు పైగా కారులో బాలాటన్‌ఫ్యురెడ్ వెళ్లాం. అది కూడా స్నానాల ఊరే, గుండె ఆసుపత్రికి పేరు. 1926లో రవీంద్రనాథ్ టాగూర్ ఐరోపా పర్యటనలో ఆరోగ్యం దెబ్బతిని అక్కడ చికిత్స తీసుకున్నాడు. కోలుకుని, ఆ ఏడాది నవంబరు 8న సరస్సు ఒడ్డున ఒక లిండెన్ చెట్టు నాటాడు. ఒడ్డు వెంబడి నడకదారికి ఇప్పుడు ఆయన పేరే. ఆ తర్వాత వచ్చిన మన దేశ నాయకులు కూడా దగ్గర్లో చెట్లు నాటారు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నాన్న ఆ చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు. రోజంతా కారు ప్రయాణంతో అమ్మ మోకాళ్లు మళ్లీ బిగుసుకున్నాయి కాబట్టి, పెద్దవాళ్లుంటే ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి.

హేవీజ్‌లో రైలు స్టేషన్ లేదు. రైల్లో కెస్ట్‌హెయ్ దాకా వచ్చి బస్సెక్కాలి. బుడాపెస్ట్ నుంచి నేరుగా బస్సులున్నాయి, బస్‌స్టాండ్ సరస్సు గేటు ఎదురుగానే. వియన్నా నుంచి కారులో మాకు మూడు గంటల లోపే పట్టింది. యూరోలు కొన్నిచోట్ల తీసుకుంటారు గానీ కార్డుతో ఫోరింట్లలో కట్టడమే లాభం.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో అడుగుతారు. ఊరికి తిరిగి వెళ్లాక కూడా కొన్ని వారాలు రాత్రిపూట నొప్పి మాత్ర వేసుకోకుండా పడుకోగలిగింది. తర్వాత నొప్పి కొంత తిరిగొచ్చింది. కానీ నీళ్లలో నేర్చుకున్న వ్యాయామాలను ఇప్పుడు మంచం అంచున కూర్చుని చేస్తోంది, వీడియో కాల్‌లో నేను లెక్కపెడతాను. మళ్లీ తీసుకెళ్తే మే నెలలో గానీ సెప్టెంబరులో గానీ తీసుకెళ్తాను. జూలై, ఆగస్టుల్లో బాలాటన్‌కు సెలవులకు వచ్చే జనమంతా ఇటు కూడా వస్తారు, వాలు కుర్చీలు దొరకవు. చలికాలంలో నీళ్లలో హాయిగానే ఉంటుంది గానీ, బయట మంచు మీద కాలు జారితే అరిగిన మోకాళ్లవాళ్లకు అసలుకే మోసం.